మన చేతి లెక్క, మన చేతి వెలుగు

(సంఘం వార్షిక సభలో యువతీ యువకులను ఉద్దేశించి ఒక గిరిజన సంక్షేమ బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చాలామంది వార్డెన్ మేడం అని పిలుస్తారు. బీఈడీ చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పొద్దున ఉప్మాలో ఉప్పు సరిపోయిందా లేదా చూడటం దగ్గర నుంచి, రాత్రి లెక్కలు చెప్పడం దాకా నా పనే. సంఘం వాళ్లు నన్ను "ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ కోడ్‌తో చేసే కళ" గురించి మాట్లాడమన్నారు. ఇది ఇంజనీర్లు మాట్లాడాల్సిన విషయం కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నా మాట పూర్తయ్యేసరికి ఇది మీరు మాట్లాడాల్సిన విషయం అని మీకే తెలుస్తుంది.

మొదట మనకు తెలిసిన దానితో మొదలుపెడదాం. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడికి చిలకలూరిపేట వైపు ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు వస్తాయి. కొన్ని 80, 90 అడుగుల ఎత్తు ఉంటాయి. చీకటి పడ్డాక వాటి మీద దేవుళ్ల బొమ్మలు వెలుగుతాయి, ఆరుతాయి, కదిలినట్టు కనిపిస్తాయి. నిజానికి ఏ బల్బూ తన చోటు నుంచి కదలదు. ఒకటి ఆరగానే పక్కది వెలుగుతుంది, మన కన్ను దాన్ని కదలికగా చూస్తుంది. ఏ బల్బు ఎప్పుడు వెలగాలి, ఎంతసేపు వెలగాలి, తర్వాత ఏది అన్న వరసను ఎవరో ఒకరు ముందే కూర్చుని రాసి ఉంటారు. ఆ వరస పేరే కోడ్.

ఇప్పుడు ఆ వరసను చిన్న చిప్పులో పెడుతున్నారు. చిప్పులు లేని రోజుల్లో ఒక చెక్క రోలరు ఉండేది. దాని మీద రాగి రేకులు అతికించి, మోటారుతో తిప్పేవాళ్లు. రేకు తీగకు తగిలితే వెలుగు, తగలకపోతే చీకటి. పశ్చిమ బెంగాల్లో చందన్‌నగర్ అనే ఊరు ఇలాంటి దీపాల పనికే పేరు పొందింది. అక్కడ జగద్ధాత్రి పూజకు దీపాలతో రైళ్లు నడిపిస్తారు, చేపలు ఈదిస్తారు. వాళ్లను జనం లైటింగ్ కళాకారులు అంటారు. మన దగ్గర అదే పని చేసే కుర్రాణ్ణి లైటింగ్ అబ్బాయి అంటాం. పనిలో తేడా లేదు, పిలుపులోనే ఉంది.

ఇంకొంచెం వెనక్కి వెళదాం. మన బాపట్ల జిల్లాలోనే చీరాల ఉంది. అక్కడ జకార్డు మగ్గం చూశారా? మగ్గం పైన బెజ్జాలు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. బెజ్జం ఉన్న చోట ఒక పోగు లేస్తుంది, లేని చోట లేవదు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన ఈ పద్ధతిని 1804లో స్థిరపరిచాడు. ఆ అట్టలను చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలతో ఆజ్ఞలు ఇవ్వాలనుకున్నాడు. ఆ యంత్రానికి ఆజ్ఞల వరస ఎలా ఉండాలో 1843లో ఏడా లవ్‌లేస్ అనే ఆమె రాసి అచ్చు వేయించింది. మొదటి ప్రోగ్రామర్ అని లోకం ఆమెను గుర్తుపెట్టుకుంది. అంటే కంప్యూటర్ తాతముత్తాతలను వెతుక్కుంటూ పోతే మగ్గం గుంట దగ్గర తేలతాం.

మరి మా నాయనమ్మ ఎక్కడ తేలుతుంది? మాది ఎరుకల కుటుంబం. ఆమె ఈత బరికెలతో తట్టలు అల్లేది. "రెండు పైన, ఒకటి కింద, వరస మారితే ఒకటి జరుపు" అనేది. ఈ మాటను కాగితం మీద పెట్టండి. పైన అంటే 1, కింద అంటే 0. మొదటి వరస 110110. తర్వాతి వరస ఒక్క గడి జరిగి 011011. ఇలా పది వరసలు రాస్తే కాగితం మీద ఏటవాలు చారలు కనిపిస్తాయి. తట్ట మీద కనిపించేవి కూడా అవే. ఈ రెండు నియమాలను కంప్యూటర్‌కు ఇస్తే తెర మీద అదే అల్లిక గీస్తుంది. మా నాయనమ్మకు అక్షరం రాదు. కానీ ఒకే పనిని నియమం ప్రకారం మళ్లీ మళ్లీ చేయడం, ఎక్కడ మార్చాలో అక్కడ మార్చడం ఆమెకు కొట్టిన పిండి. ప్రోగ్రాములో దాన్నే లూప్ అంటారు.

లంబాడీ అక్కల పేటియా, కాంచళి మీద అద్దాల పని చూడండి. అందులోనూ గడుల లెక్క ఉంటుంది. అమెరికాలో లియా బ్యూక్లీ అనే ఆమె బట్ట మీద కుట్టుకునే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు తయారు చేసింది. 2007 నుంచి అది లిలీప్యాడ్ పేరుతో దొరుకుతోంది. తీగ బదులు కరెంటు పారే దారం ఉంటుంది. సూదిలో ఎక్కించి కుడితే ఆ కుట్టే సర్క్యూట్. ఇప్పుడు చెప్పండి, ఈ పనికి ఎవరి చేయి ముందే తయారై ఉంది? సోల్డరింగ్ మాత్రమే వచ్చినవాడిదా, ఎనిమిదేళ్లప్పుడే సూది పట్టిన తండా పిల్లదా?

ఇంతవరకు తయారీ సంగతి. ఇక ప్రదర్శన సంగతి. ఇక్కడ కొంచెం కష్టమైన మాటలు చెప్పాలి.

మనల్ని ప్రదర్శనకు పెట్టడం ఈనాటిది కాదు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. యానాదులు, ఎరుకలు అందులో ఉన్నారు. తలలు, ముక్కులు కొలిచి అంకెలు రాసుకున్న కాలం అది. ఇంకోపక్క 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. దాని కిందే మన బాపట్ల పక్కన స్టువర్టుపురం సెటిల్‌మెంటు పుట్టింది. పెద్దల వేలిముద్రలు తీసుకున్నారు, పేర్లు పిలిచి హాజరు వేశారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా మాట పోలేదు. ఆ ఊరి పేరు పెట్టి 1991లో ఒక సినిమా వచ్చింది, ఆ ఊరివాడి పేరు పెట్టి 2023లో ఇంకొకటి వచ్చింది. బొమ్మ మనది, కెమెరా వేరేవాళ్లది.

ఈనాటికీ మ్యూజియానికి వెళితే అద్దాల బీరువాలో మన వెదురు మావు ఉంటుంది, కింద తెగ పేరు ఉంటుంది. అల్లిన మనిషి పేరు ఉండదు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వస్తే హాస్టళ్లకు కబురొస్తుంది, డాన్సుకు పన్నెండు మంది పిల్లల్ని పంపమని. పిల్లలు ఆడతారు, చప్పట్లు కొడతారు, ఫొటో తీసుకుంటారు. ఆట మన గౌరవమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఎప్పుడూ మనం ఆడాలి, వాళ్లు చూడాలి అన్న అమరిక మీద నాకు అభ్యంతరం ఉంది.

ఎలక్ట్రానిక్స్ ఈ అమరికను మార్చగలదు. అందుకే ఈ కళ మన పిల్లలకు కావాలంటున్నాను. గోడ మీద బొమ్మ చూసేవాడిని ఏమీ అడగదు. సెన్సార్ పెట్టిన బొమ్మ అడుగుతుంది. నువ్వు ఎంత దూరంలో ఉన్నావో కొలుస్తుంది, ఎంత గట్టిగా మాట్లాడుతున్నావో కొలుస్తుంది, దాన్ని బట్టి జవాబు చెబుతుంది. నూరేళ్లపాటు మనల్ని కొలిచారు. ఇప్పుడు కొలిచే పరికరం కొన్ని వందల రూపాయలకు మన చేతికి వచ్చింది.

కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ అనే కళాకారుడు 1974లో ఒక బుద్ధుడి విగ్రహాన్ని టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఒక కెమెరా ఆ బుద్ధుణ్ణే తీసి ఆ టీవీలో చూపిస్తూ ఉంటుంది. బుద్ధుడు తనను తాను చూసుకుంటూ ఉంటాడు. టీవీ, కెమెరా, విగ్రహం, ఈ మూడే వస్తువులు. కానీ ఎవరు చూస్తున్నారు, ఎవరు చూపిస్తున్నారు అన్న ప్రశ్న అందులో ఉంది. ప్రపంచం దాన్ని గొప్ప కళగా దాచుకుంది. మన ప్రశ్న కూడా అదే కదా!

మా పిల్లలు చేసిన ఒక పని చెబుతాను. రేపల్లె వైపు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి యానాది అమ్మాయి ఒకతి. నిజాంపట్నం మడ అడవుల్లో వాళ్ల తాత మండపీతలు పడతాడు. "బొరియ దగ్గర తాత మాట్లాడనివ్వడు మేడం, అడుగు చప్పుడైనా పీత లోపలికి పోద్ది" అని ఒకసారి నాతో అంది. దీన్నే బొమ్మగా చేయమన్నాను. నలుగురు పిల్లలు కలిశారు. వెడల్పు ప్లాస్టిక్ టబ్బులో బంకమట్టి నింపి, పన్నెండు బొరియలు చేశారు. ఒక్కో బొరియలో ఒక్కో ఎల్‌ఈడీ దీపం. పన్నెండే ఎందుకంటే ఆర్డునో ఊనో బోర్డుకు 14 డిజిటల్ పిన్నులుంటాయి, కంప్యూటర్‌తో మాట్లాడే రెండింటిని వదిలేస్తే మిగిలేవి పన్నెండు. టబ్బు అంచున ఒక సౌండ్ సెన్సార్.

కోడ్‌ను ముందు తెలుగులో రాయించాను. "చప్పుడు వింటూ ఉండు. చప్పుడు హద్దు దాటితే దీపాలన్నీ ఆర్పు. నిశ్శబ్దంగా ఉంటే మూడు సెకన్లకొక దీపం వెలిగించు. మళ్లీ మొదటికి రా." ఈ నాలుగు వాక్యాలే తర్వాత ప్రోగ్రాము అయ్యాయి. మీరు కూడా ముందు మీ మాటలో రాసుకోండి. మన మాటలో సరిగ్గా చెప్పలేని పని ఏ కంప్యూటర్ భాషలోనూ సరిగ్గా రాదు.

హాస్టల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రదర్శన హాల్లో పెడితే ఒక్క దీపమూ వెలగలేదు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. సంగతేమిటంటే, ఆ బోర్డు చప్పుడును 0 నుంచి 1023 మధ్య అంకెగా చదువుతుంది. హాస్టల్ గదిలో పెట్టిన హద్దు ఆ హాలుకు సరిపోలేదు. అక్కడ ఫ్యాన్లు, మైకు, జనం. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హాలు చప్పుడు ఎంత అంకె చూపిస్తోందో పది నిమిషాలు రాసుకుని, హద్దు పెంచింది. దీపాలు వచ్చాయి. ప్రదర్శించడం కూడా ఒక విద్యేనని అక్కడ తెలిసింది. ఇంట్లో ఆడిన బొమ్మ బయట ఆడాలంటే ఆ చోటును వినాలి. వాళ్ల తాత పాయలోకి దిగే ముందు నీళ్లను చూసినట్టే.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చారు. "ఏమ్మా, ఇది మీరే చేశారా, మాస్టారెవరైనా చేసిపెట్టారా?" అని గట్టిగా అడిగారు. అడగగానే దీపాలన్నీ ఆరిపోయాయి. ఆయన కంగారుపడి, "పాడైపోయిందా?" అన్నారు. "లేదు సార్. మీరు కాసేపు మాట్లాడకుండా నిలబడండి, వస్తాయి" అంది ఆ పిల్ల. ఆయన నిలబడ్డారు. ఆయన వెనకున్నవాళ్లూ ఆగారు. ఒకటి, రెండు, మూడు... పన్నెండూ వెలిగాయి. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "మీ తాత ఎన్నేళ్ల నుంచి పడుతున్నాడమ్మా పీతల్ని?" అని అడిగారు. ఆ పిల్ల చెప్పింది, ఆయన విన్నారు. ఆటుపోట్ల లెక్క చెప్పింది, బొరియ నోటి దగ్గర మట్టి తడిని బట్టి పీత లోపలుందో లేదో ఎలా తెలుస్తుందో చెప్పింది. మా పిల్లలు మాట్లాడుతుంటే అంతసేపు ఎవరైనా నోరు మూసుకుని వినడం నా ఉద్యోగంలో తక్కువే చూశాను.

ఇక మీరు ఎక్కడ మొదలుపెట్టాలి? మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ ఒకటి, రూపాయో రెండు రూపాయలో పెట్టి ఒక ఎల్‌ఈడీ. పొడుగు కాలు ప్లస్సుకు, పొట్టి కాలు మైనస్‌కు. ఆ దీపాన్ని మీ అమ్మ అల్లిన బుట్టలో పెట్టి చీకట్లో గోడ మీద నీడ చూడండి. మొదటి రోజుకు అది చాలు. తర్వాత ఆర్డునో లాంటి బోర్డు. అది 2005లో ఇటలీలో పుట్టింది, చదువుకునే పిల్లలకు అందుబాటులో ఉండాలనే చేశారు. దాని నమూనా అందరికీ బహిరంగంగా ఇచ్చారు కాబట్టి చవక రకాలు దొరుకుతాయి. బోర్డు లేకపోతే టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా తెర మీదే సర్క్యూట్ కట్టి నడిపించుకోవచ్చు. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. నీతి ఆయోగ్ 2016 నుంచి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం వీటిని ఇస్తోంది. ల్యాబ్ ఉండి తాళం వేసి ఉంటే, తాళం తీయమని నలుగురు కలిసి అడగండి. అది మీకోసం వచ్చిన సామానే.

సామాను కొనలేమని అనుకోవద్దు. మన కాలనీల్లో ఎన్ని ఇళ్లలో పాత సామాను ఏరి, తూకానికి అమ్ముకుని బతుకుతున్నారో నాకు తెలుసు. తెనాలిలో సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్లబ్బాయి పాత ఇనుముతోనే శిల్పాలు చేస్తారు. 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం చేశారు. తూకానికి పోయే ఇనుమే అక్కడ పేరున్న శిల్పం అవుతోంది. పాత బొమ్మ కార్లలో మోటార్లుంటాయి, ఆగిపోయిన సీరియల్ సెట్లలో మంచి బల్బులుంటాయి, పాత ఫోన్ చార్జర్ అయిదు వోల్టులిస్తుంది. అమ్మే ముందు ఒకసారి చేయి పెట్టి చూడండి.

కానీ మూడు జాగ్రత్తలు నా ఎదుట ఒప్పుకోవాలి. గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల జోలికి పోవద్దు, మన పని అయిదు వోల్టుల్లోనే. ఫోన్ బ్యాటరీని పొడవద్దు, పగలగొట్టవద్దు, అంటుకుంటుంది. రాగి కోసం తీగల్ని కాల్చవద్దు, ఆ పొగ చిన్నపిల్లల ఊపిరితిత్తులకు విషం. ఇంట్లో ఎవరైనా కాలుస్తుంటే ఆపమని చెప్పండి.

ఇంకొక హద్దు కూడా ఉంది. మన కొలుపుల్లో కొన్ని పాటలు, కొన్ని బొమ్మలు బయట పెట్టేవి కావు. ఏది బయట పెట్టవచ్చో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు. మనల్ని అడగకుండా ఇతరులు తీసుకుపోయారని బాధపడేవాళ్లం, మన పెద్దల్ని మనమే అడగకపోతే ఎలా?

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని మీ నాన్నలు అడుగుతారు. రేపే రాదు. పీతల టబ్బు చూపించి పాలిటెక్నిక్ సీటు తెచ్చుకోలేరు, దానికి ప్రవేశ పరీక్ష రాయాల్సిందే, లెక్కలు రావాల్సిందే. అయితే మా హాస్టల్లో ఒకటి గమనించాను. మిరపకోతల సీజన్ వస్తే ఇంటికి వెళ్లి నెల దాకా తిరిగి రాని పిల్లలున్నారు. బొమ్మ సగంలో ఆగినప్పుడు మాత్రం, "మేడం, సోమవారానికి వచ్చేస్తా, నా వైరింగ్ ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్లిన పిల్ల సోమవారానికి వచ్చింది. బడిలో తనది అనే వస్తువు ఒకటి ఉంటే పిల్ల తిరిగి వస్తుంది. ఒక వార్డెన్‌గా నాకు అంతకన్నా పెద్ద ఫలితం లేదు.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఏడు సభలో డాన్సు వేదికతో పాటు ఒక గది ఈ పిల్లలకు ఇవ్వండి. చీకటి చేసుకోవడానికి రెండు దుప్పట్లు, నాలుగు బల్లలు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు. కరెంటు పోతుంది కాబట్టి పవర్ బ్యాంకులు పిల్లలే తెచ్చుకుంటారు.

పిల్లలూ, ఆ గదిలో పెట్టే ప్రతి వస్తువు పక్కన ఒక చీటీ ఉండాలి. అట్టముక్క మీద చేత్తో రాసినా ఫరవాలేదు. అందులో మూడు వాక్యాలు రాయండి. ఇది చేసింది ఎవరు, పూర్తి పేరు, ఊరి పేరుతో. ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అమ్మ పేరో తాత పేరో. చూడటానికి వచ్చినవాళ్లు ఏం చేయాలి, చేయి దగ్గర పెట్టాలా, దూరంగా నిలబడాలా, మాట్లాడకుండా ఉండాలా. మూడో వాక్యం రాయడానికి భయపడవద్దు.